పరీక్షకు వెళ్ళిన కడుపు

మేము ఇనుప ఖనిజం గనులున్న బచేలీ టౌన్‌షిప్‌లో ఉన్న రోజుల్లో నాకు నీరసం ఉండేది. జబ్బు అనడానికి లేదు, లేదు అనడానికీ లేదు. క్వార్టర్ ముందున్న నాలుగు మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. కడుపు తిన్నా ఉబ్బేది, తినకపోయినా ఉబ్బేది. మధ్యాహ్నానికి తల బరువెక్కేది. అరికాళ్ళు దురద పెట్టేవి.

కంపెనీ ఆసుపత్రి డాక్టరుగారు మంచివారే. నాలిక చూశారు, రెప్ప లాగి చూశారు, బీపీ చూశారు, గ్యాస్ మాత్ర రాశారు. మళ్ళీ వెళితే గ్యాస్ మాత్ర మార్చారు. మూడోసారి వెళ్ళినప్పుడు, ఇంట్లో టెన్షన్ ఏమైనా ఉందా అని అడిగారు. లేదండీ, ఇంట్లో అత్తగారు ఉన్నారు అన్నాను. ఆయన తలూపి, నిద్రకు ఒక మాత్ర కూడా రాశారు.

మావారు కొండ మీద క్రషింగ్ ప్లాంటులో పనిచేసేవారు. రాయి పిండి అయ్యే చోట ఇరవై ఏళ్ళు నిలబడ్డ మనిషికి చెవులు ఎంతవరకు మిగులుతాయో అంతే మిగిలాయి. ఇంట్లో నేను గట్టిగా చెప్పినవి మాత్రమే ఆయనకు చేరేవి. నీరసంగా ఉన్న మనిషి ఏదీ గట్టిగా చెప్పదు. కాబట్టి నా నీరసం గురించి ఆయనకు చాలాకాలం సమాచారం లేదు.

విశాఖపట్నంలో మా చెల్లెలు ఉంది. దానికి ఇలాంటివే ఏవో ఉంటే అక్కడే ఒక పోషకాహార నిపుణురాలి దగ్గరకు వెళ్ళి బాగుపడిందట. ఆమె చేసేదాన్ని ఫంక్షనల్ మెడిసిన్ అంటారట. అందరికీ ఒకే మందు ఇవ్వరు, మనిషి మనిషికీ పరీక్షలు చేసి, ఎవరి ఒంటికి సరిపడే తిండి వాళ్ళకు చెబుతారట. చెల్లెలు ఫోన్ నంబరు ఇచ్చింది. ఒక మధ్యాహ్నం అత్తగారు పడుకున్నాక ఫోన్ చేశాను.

గొంతును బట్టి చిన్నావిడే అనిపించింది. నా జబ్బు ఏమిటని అడగలేదు. నా రోజు ఎలా గడుస్తుందని అడిగింది. ఎన్నింటికి లేస్తాను, నీళ్ళు ఎక్కడివి తాగుతాను, పెరట్లో ఏం పండిస్తాను, ఎవరికి ఎప్పుడు వండుతాను, అన్నీ అడిగింది. మాట్లాడుతుండగా ఫోన్ వేడెక్కింది. చెవి మార్చుకున్నాను. నా గురించి అన్ని సంగతులు ఉన్నాయని నాకు అంతకుముందు తెలియదు.

"మీరు పొద్దున ఎన్నింటికి తింటారండీ?" అంది.

"అందరూ అయ్యాక."

"అందరూ ఎన్నింటికి అవుతారు?"

లెక్క చెప్పడానికి ప్రయత్నించాను. ఆయనది పొద్దుటి 'ఏ' షిఫ్ట్ అయితే తెల్లారకముందే టిఫిన్ డబ్బా, బీ షిఫ్ట్ అయితే పదింటికి భోజనం. అత్తగారికి పూజ అయ్యాక. పూజ ఎప్పుడవుతుందో దేవుడు ఎంత బాగా దొరికాడన్న దాన్ని బట్టి ఉంటుంది. ఫోన్‌కు అవతల ఆమె రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. తరవాత, కొన్ని పరీక్షలు పంపిస్తాను, చేయించుకోండి అంది.

పరీక్షలు పెట్టెలో వచ్చాయి. మా పిన్‌కోడ్‌కు కొరియర్ రాదు కాబట్టి చెల్లెలి ఇంటికి వెళ్ళి, అక్కడినుంచి రైల్వేలో పనిచేసే తెలిసినవారి చేతిలో కిరండూల్ లైను మీద మాకు చేరాయి. లోపల ఉమ్మి పట్టడానికి సీసాలు, వేలు గుచ్చి నెత్తుటి చుక్కలు అద్దడానికి అట్టముక్క, ఇంకా ఒక గొట్టం, దాని మూతకే అతికించి ఉన్న చిన్న చెంచా ఉన్నాయి. చెంచా ఎందుకో కాగితం మీద బొమ్మలతో సహా వివరించారు. ఆ బొమ్మలు గీసినవారు చాలా శ్రద్ధగా గీశారు.

ఉమ్మి పొద్దున లేచీ లేవగానే, మళ్ళీ మధ్యాహ్నం, సాయంత్రం, పడుకునే ముందు పట్టాలి. అది పట్టే రోజు మా అత్తగారు నన్నే గమనిస్తూ కూర్చున్నారు. ఆవిడది శ్రీకాకుళం దగ్గర పల్లె. మామగారికి ఈ గనుల్లో పని దొరికినప్పుడు ఇక్కడికి వచ్చారు. హిందీ, ఇక్కడివాళ్ళ హల్బీ రెండూ సంతలో బేరానికి సరిపడా వచ్చు. కోపం మాత్రం ఊరి భాషలోనే వచ్చేది. నేను మూడో సీసా తీసేసరికి ఆవిడ ఉండబట్టలేక కొడుకును పిలిచారు.

"ఎంగిలుమ్మి ఊరూ పేరూ తెలీనోల్లకి పంపుతాదేట్రా మీయావిడ? సిల్లంగి ఎట్టడానికి ఇంతకన్నా ఏటి గావాల?"

ఇందులో ఆవిడకు నా మీద ద్వేషమేమీ లేదు. వాళ్ళ ఊరిలో గోరు పారేసుకున్న మనిషి, వెంట్రుక పారేసుకున్న మనిషి మంచం పట్టిన కథలు ఆవిడకు చాలా తెలుసు. నాకు చేతబడి జరిగితే వంట ఎవరు చేస్తారన్నది కూడా న్యాయమైన ప్రశ్నే. మావారు కాగితం తీసుకుని ముందూ వెనకా చూశారు.

"లేబ్ అమ్మా. రిజిస్టరయినదే," అన్నారు.

రిజిస్టరయిన చోట చిల్లంగి పెట్టరని ఆవిడ ఎలా నమ్మారో తెలియదు, కానీ నమ్మారు.

అలా నా సంగతి మావారికి తెలిసింది. కాగితం మొత్తం చదివారు. ప్లాంటులో ఏ యంత్రం కొత్తగా వచ్చినా దాంతో వచ్చిన పుస్తకం ఆయన అలాగే చదువుతారట. చెంచా గొట్టాన్ని గడ్డకట్టిన జెల్ సంచుల మధ్య పెట్టి వెంటనే పంపాలని, వేడి తగలకూడదని అందులో ఉంది. చల్లగా పంపాల్సిన పార్సిల్ తీసుకునే కొరియర్ ఆఫీసు మాకు దగ్గరలో అంటే జగదల్‌పూర్‌లోనే ఉంది. ఆయన సెలవు పెట్టారు. పెళ్ళిళ్ళకు కూడా సెలవు పెట్టని మనిషి. సెలవు చీటీలో కారణం దగ్గర 'సొంత పని' అని రాశారు. నాకు అది కొంచెం బాగానే అనిపించింది.

"నువ్వూ రా. దారిలో ఎవలైనా అడిగితే నాను ఏటి సెప్పగల్ను?" అన్నారు.

పొద్దున్నే బస్సెక్కాం. థర్మోకోల్ పెట్టె ఆయన ఒళ్ళో ఉంది. నా పక్కన హల్బీ మాట్లాడే ఒకావిడ సంచిలో కోడిని పెట్టుకుని కూర్చుంది. కోడి తల బయటకు పెట్టి మా పెట్టె వైపే చూస్తూ వచ్చింది. ఎవరూ ఏమీ అడగలేదు. మా ప్రాంతంలో పెట్టె పట్టుకుని వెళ్ళే మనిషి కొత్త కాదు. కంపెనీ వాళ్ళు ఎప్పుడూ ఖనిజం సాంపిళ్ళు ఎక్కడికో తీసుకెళుతూనే ఉంటారు.

గీదం ఊరు ఇంకా కాస్త దూరం ఉందనగా బస్సు ఆగింది. చెకింగ్. అది కూడా కొత్త కాదు. అందరూ సంచులు ఒళ్ళోకి తీసుకున్నారు. మీసాలు నెరిసిన ఒక జవాను లోపలికి వచ్చి ఒక్కొక్క సంచీ తడుముతూ, కోడిని కూడా తడిమి, మావారి దగ్గర ఆగాడు. టేపు వేసిన తెల్ల పెట్టె. పైన చల్లటి చెమట.

ఇందులో ఏముందని హిందీలో అడిగాడు. సాంపిల్ అన్నారు మావారు.

"ఓర్ కా?" అన్నాడు జవాను. ఖనిజమా అని.

ఆయన అవునంటే సరిపోయేది. బస్సు కదిలేది. కానీ మావారు అబద్ధం చెప్పాలంటే ముందు దాన్ని లోపల ఒకసారి నిజం చేసుకోవాలి, దానికి సమయం పడుతుంది. అంత సమయం లేదు.

"నహీ," అన్నారు. "పత్నీ కా."

జవాను నన్ను చూశాడు. బస్సంతా నన్ను చూసింది. భార్యది ఏమిటని అతను అడిగాడు. మావారు, చెవులు వినబడని వాళ్ళంతా మాట్లాడినట్టే, డ్రైవరుకు కూడా వినిపించేలా ఆ వస్తువు పేరు హిందీలో చెప్పారు. ఏ పరీక్ష కోసమో, ఎక్కడికి పంపాలో, ఎంత చల్లగా ఉండాలో కూడా చెప్పారు. పెట్టె తెరవాలంటే తెరవవచ్చని, అయితే త్వరగా మూసెయ్యాలని, జెల్ కరిగిపోతే మళ్ళీ మొదటినుంచి చెయ్యాలని వివరించారు. నేను కిటికీ బయట చెట్లను చూశాను. పక్కనావిడ కాళ్ళు కొంచెం దగ్గరకు తీసుకుంది. ఆవిడకు హిందీ తెలియదనుకున్నాను, తెలుసు.

జవాను పెట్టె తెరవలేదు. దాని మీద పెట్టిన చెయ్యి తీశాడు. దిగిపోతాడనుకున్నాను, దిగలేదు. కొంచెం వంగి, ఈ పరీక్షలో కడుపు సంగతి తెలుస్తుందా అని మెల్లగా అడిగాడు. మావారికి వినబడలేదు. నేను చెప్పాల్సి వచ్చింది. తెలుస్తుందంటున్నారు భయ్యా అన్నాను. తను ఇక్కడికి పోస్టింగ్ మీద వచ్చినప్పటినుంచి కడుపు బాగాలేదని, ఏం తిన్నా నిలబడటం లేదని, క్యాంపులో చెబితే నవ్వుతారని చెప్పాడు. పొద్దున లేవగానే ఎలా ఉంటుందో కూడా చెప్పాడు. మావారు పెట్టె పక్కనుంచి లేబ్ వాళ్ళ కరపత్రం తీసి అతనికిచ్చారు. అతను దాన్ని మడిచి, చొక్కా జేబులో పెట్టుకుని, జేబు గుండీ వేసుకుని దిగాడు. బస్సు కదిలింది.

జగదల్‌పూర్‌లో కొరియర్ గుమాస్తా కూడా లోపల ఏముందని అడిగాడు. మావారు నోరు తెరిచేలోపు నేను 'లేబ్ మెటీరియల్' అన్నాను. అతను అదే రాసుకున్నాడు. పగిలే వస్తువా అన్నాడు. కాదన్నాను.

పని అయ్యాక బస్టాండు దగ్గర హోటల్లో ఇడ్లీ తిన్నాం. మేమిద్దరమే ఒక బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని తిని ఎన్నాళ్ళయిందో గుర్తు రాలేదు. ఆయన రెండు ప్లేట్లు అయ్యాక చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నారు.

"ఇన్నాల్ల నుంచీ బాగోకపోతే సెప్పొచ్చు కదా," అన్నారు.

"చెప్పానండీ."

"ఎప్పుడు?"

"చాలాసార్లు."

ఆయన సాంబారు గిన్నె నా వైపు జరిపారు.

"నాకినబళ్ళేదు," అన్నారు. తరవాత నాకు ఇంకో ప్లేటు చెప్పారు.

రిపోర్టు కొన్ని వారాలకు ఫోన్‌లో వచ్చింది. చాలా పేజీలు. మావారు మార్కెట్లో రంగుల్లో ప్రింటు తీయించారు. ఆ ప్రింటు దుకాణం అతను రిపోర్టు చదివి, మీకు గుడ్డు పడదట కదా భాభీ అని రెండు రోజుల తరవాత సంతలో నన్ను పలకరించాడు. తిండి పదార్థాలన్నీ ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో ఉన్నాయి. ఎరుపులో గుడ్డు, పాలు, గోధుమ, చింతపండు. ఆకుపచ్చలో ఆస్పరాగస్, బ్లూబెర్రీ, కాడ్ చేప, ఆల్చిప్పలు. నేను ఆల్చిప్పలు ఎన్నైనా తినవచ్చు. బచేలీలో ఆల్చిప్పలు దొరకవు.

విశాఖ ఆవిడ ఫోన్‌లో, ఈ రంగుల్ని చూసి కంగారు పడొద్దు అంది. రోజూ తినేవే ఒక్కోసారి ఎరుపులో పడతాయట. వాటిని మూడు వారాలు ఆపి, ఒక్కొక్కటే మళ్ళీ తెచ్చి చూస్తేనే ఏది పడదో తెలుస్తుందట. ఉమ్మి సీసాల గురించి కూడా ఏదో చెప్పింది కానీ, అవి చెప్పేదానికన్నా మీరు ఫోన్‌లో చెప్పిందే నాకు ఎక్కువ పనికొచ్చింది అంది. తరవాత చివరి పేజీలకు వెళ్ళమంది. చెంచా గొట్టం ఫలితం అక్కడుంది. కొంకి పురుగులు. పేగు గోడను కొరుక్కుని పట్టుకుని నెత్తురు తాగుతాయట. ఎర్రమట్టిలో ఒట్టి కాళ్ళతో తిరిగితే అరికాళ్ళలోంచి ఎక్కుతాయట. పెరట్లో గోంగూర మడి, చుక్కకూర మడి గుర్తొచ్చాయి. అరికాళ్ళ దురదా గుర్తొచ్చింది.

దీనికి మందు నేను కాదు, మీ డాక్టరుగారే రాయాలి అంది.

కంపెనీ డాక్టరుగారు రంగుల పేజీలన్నీ తిప్పేసి ఆ ఒక్క పేజీ చదివారు. నెత్తురు పరీక్ష రాశారు. ఐరన్ బాగా తక్కువగా ఉంది. బళ్ళో పిల్లలకు పంచే నులిపురుగుల మాత్రే నాకూ రాసి, ఐరన్ మాత్రలు నెలల తరబడి వేసుకోమన్నారు.

"ఇది మన దగ్గరా చూస్తారాండీ?" అన్నాను.

"చూస్తామమ్మా. స్లయిడ్ మీద కనబడుతుంది. తెచ్చిమ్మంటే ఎవరూ తేరు," అన్నారు.

నేను దాన్ని జగదల్‌పూర్ దాకా తీసుకెళ్ళిన సంగతి ఆయనకు చెప్పలేదు. మందుల కౌంటరు దగ్గర నిలబడ్డప్పుడు నాకు ఏడుపొచ్చింది. నాకు నిజంగానే ఏదో ఉందని తెలిసిన సంతోషం అది. పురుగులున్నాయని అంత తేలికపడ్డ మనిషిని ఆ కౌంటరు చూసి ఉండదు.

ఇక తిండి. చింతపండు లేని వంట మా ఇంట్లో అంతకుముందు జరగలేదు. చింతపండు పడకపోవడం కూడా ఒక రోగమేనా అని అత్తగారు అడిగారు. టమాటాతో, మామిడి ఒరుగులతో నడిపించాను. మీ దగ్గర పులుపుకు ఇంకేం దొరుకుతుంది అని విశాఖ ఆవిడ అడిగితే, సంతలో ఎర్రచీమల పచ్చడి అమ్ముతారని చెప్పాను. ఆవిడ రిపోర్టు వెతికింది. రిపోర్టులో చీమలు లేవు.

అసలు ఇబ్బంది ఎనిమిది గంటల దగ్గర వచ్చింది. ఎవరు తిన్నా తినకపోయినా పొద్దున ఎనిమిదింటికి మీరు వేడిగా తినాలి, రాగులతో కాచే చోడి అంబలి అయితే మరీ మంచిది అని ఆవిడ చెప్పింది. మొదటి రోజు నేను అంబలి గిన్నెతో వంటింట్లో పీట మీద కూర్చునే సరికి అత్తగారి పూజ గంట మధ్యలో ఆగింది. ఆవిడ గుమ్మంలోంచి చూసి, వెళ్ళి మళ్ళీ గంట వాయించారు. నేను గిన్నె ఖాళీ చేశాను. రెండో రోజు కూడా అంతే. మూడో రోజు మావారిది బీ షిఫ్ట్. ఇంట్లోనే ఉన్నారు.

"దేవుడికి నైవేద్దిం అవలేదు, ఇంట్లో మగోడు తిన్లేదు," అన్నారు అత్తగారు. "అదీ చోడంబలి. అది తాగలేకే కదా ఈ అడవిలోకొచ్చి పడ్డాం."

మావారు పేపరు మడిచారు. నా వైపు చూడలేదు.

"రిపోర్టులో ఉందమ్మా," అన్నారు.

రిపోర్టులో ఆ మాట ఎక్కడా లేదు. అందులో ఎనిమిది గంటల ప్రస్తావన లేదు, నేను ఎవరికన్నా ముందు తినాలని లేదు. అది విశాఖ ఆవిడ ఫోన్‌లో చెప్పిన మాట. రిపోర్టు మొదటినుంచి చివరిదాకా చదివిన మనిషి కాబట్టి ఆ సంగతి మావారికి బాగా తెలుసు. అబద్ధానికి ముందు ఆయన తీసుకునే సమయం ఈసారి తీసుకోలేదు. నేను గిన్నెలో మిగిలింది తాగాను.

ఆ తరవాత ఇంట్లో చాలా విషయాలు రిపోర్టులో ఉన్నట్టు తేలాయి. నేను పెరట్లోకి చెప్పులతో వెళ్ళడం, తులసి కోట పక్కనుంచి కూడా చెప్పులతోనే నడవడం రిపోర్టులో ఉంది. మధ్యాహ్నం కాసేపు పడుకోవడం ఉంది. నీళ్ళ బిందె ఆయన ఎత్తడం ఉంది. అత్తగారు ఆ కాగితాల్ని దేవుడి అలమరలో పెట్టించారు. చదవడం రాదు కాబట్టి, అంత రాసి ఉన్నప్పుడు అందులో అన్నీ ఉండే ఉంటాయని అనుకున్నారు.

మూడు వారాల తరవాత ఎర్ర రంగువి ఒక్కొక్కటే వెనక్కి వచ్చాయి. చింతపండు తిన్నాను, ఏమీ కాలేదు. ఆ రోజు చేపల పులుసు వండితే ముగ్గురం మాట్లాడకుండా తిన్నాం. గుడ్డు తిన్నాను, ఏమీ కాలేదు. ప్రింటు దుకాణం అతనికి చెబుదామనుకుని ఊరుకున్నాను. గోధుమ సంగతి తేలలేదు. పాలు తాగితే మాత్రం కడుపు డోలులా అయింది. పాలు మానేశాను. వర్షాలు పడేనాటికి మెట్లు ఆయాసం లేకుండా ఎక్కాను. మధ్యాహ్నం తలనొప్పి ఇప్పటికీ వస్తుంది. దాని గురించి ఏ పేజీలోనూ ఏమీ దొరకలేదు.

నేను తేరుకోవడం మా అత్తగారిని ఇబ్బంది పెట్టిందనే చెప్పాలి. తనకూ కడుపు ఉందని, తనకూ ఎన్నో ఏళ్ళుగా ఏదో ఒకటి అవుతూనే ఉందని, ఎవరూ పరీక్ష చేయించలేదని ఒక రోజు అన్నారు. మాట న్యాయంగానే ఉంది. జగదల్‌పూర్ అక్కర్లేదని, కంపెనీ ఆసుపత్రిలోనే స్లయిడ్ మీద చూస్తారని చెప్పి తీసుకెళ్ళాను. డబ్బా ఆవిడే కొంగు కింద పట్టుకుని నడిచారు. సాయంత్రం డాక్టరుగారు కాగితం చూసి, ఏమీ లేదు పెద్దమ్మా, శుభ్రంగా ఉంది అన్నారు.

"ఏటీ లేదా?"

"ఏమీ లేదు."

"సరిగ్గా సూసారేటి?"

చూశామన్నారు. దారిలో ఆవిడ మొహం చూస్తే నాకే ఏదో తప్పు చేసినట్టు అనిపించింది. ఆ కౌంటరు దగ్గర నాకు దొరికింది ఆవిడకు దొరకలేదు. ఇంటికొచ్చాక, ఒక్కోసారి స్లయిడ్‌కు తెలియదు అత్తయ్యా అన్నాను.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి నేను అంబలి పోసుకుంటుంటే ఆవిడ వచ్చి నా పక్కన ఇంకో పీట వాల్చుకుని కూర్చున్నారు. పూజ ఇంకా మొదలు కాలేదు. గిన్నె ముందుకు జరిపారు. పోశాను. ఉల్లిపాయ ముక్క కావాలన్నారు, ఇచ్చాను. చిన్నప్పుడు వాళ్ళమ్మ ఇందులో మజ్జిగ కలిపేదని, ఇది మరీ పల్చగా ఉందని అన్నారు. రేపు చిక్కగా చేస్తానన్నాను.

మావారు స్నానం చేసి వంటింటి గుమ్మంలోకి వచ్చారు. ఇద్దరం పీటల మీద కూర్చుని తింటున్నాం. ఆయన కొంతసేపు నిలబడ్డారు. తల్లి కూడా తల ఎత్తలేదు.

"నాకేటైనా ఉందా?" అన్నారు.

ఉంది, కూర్చోండి అన్నాను, గట్టిగా.